ఆవపూల సేన

చైనాలో ఒక నది ఒడ్డున, రెల్లు మడుగును తాతముత్తాతల నుంచీ కొంగల వంశమే ఏలుతుండేది. ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. కొంగరాజు బాతుల నోటికాడి నత్తలు కూడా కప్పం కింద లాగేసుకున్నాడు. వెన్ అనే మగబాతుకు కడుపు మండింది. తలలో పసుప్పచ్చని ఆవపూలు తురుముకుని, "ఇక చాలు, పదండి!" అని కేకేశాడు. బాతులన్నీ ఆవపూలు పెట్టుకుని వెంట నడిచాయి. ఆ దండును చూసి కొంగలు పారిపోయాయి.

అయితే గద్దె మీద ఎవరు కూర్చోవాలో తేలలేదు. బాతులు కీచులాడుకుంటుండగానే కొంగలు తిరిగొచ్చి చితకబాదాయి.

వెన్ విరిగిన రెక్క ఈడ్చుకుంటూ అక్క మేలిన్ గూటికి చేరాడు. ఆమె తమ్ముణ్ణి రెల్లు కింద దాచి, పైన కూర్చుంది. అంతలో కొంగ భటుడొచ్చాడు.

"పసుపు తల కనబడితే పట్టుకు రమ్మన్నారు. ఇక్కడెవరైనా ఉన్నారా?"

కింద వెన్ రెల్లులోకి ఇంకా ముడుచుకున్నాడు.

"లేకేం నాయనా!" అంటూ మేలిన్ రెక్క ఎత్తింది. నిన్ననే గుడ్లు పగిలి పుట్టిన పిల్లలు, పసుపు ముద్దల్లా ఉన్నాయి. "ఎవర్ని తీసుకెళ్తావు?"

భటుడు నవ్వాపుకోలేక వెళ్ళిపోయాడు.

వెన్ బయటికొచ్చి, "ఓడిపోయామక్కా," అని ఏడ్చాడు.

"తెలుసులేరా. కాస్త ఇటు జరుగు, పిల్లలకు చలేస్తోంది."

వెన్ విరగని రెక్క చాపాడు. పిల్లలన్నీ దాని కింద దూరి నిద్రపోయాయి.