నోరు మూయించిన లైటు

ఆయనగారు స్పోర్ట్స్ కారు కొన్నప్పటి నుంచీ టైర్లో గాలి తగ్గిందంటూ పసుపు లైటు వెలుగుతూనే ఉంది. గాలి కొట్టించినా రెండు రోజులకే మళ్లీ వెలుగుతుంది.

“ఇంట్లో నువ్వు, కార్లో ఇది. నస పెట్టడానికి ఇద్దరు తయారయ్యారు నాకు!” అన్నారు భార్యతో.

చివరికి చక్రాల్లో గాలిని కొలిచే సెన్సర్లు నాలుగూ పీకించి, ఒక ప్లాస్టిక్ గొట్టంలో పెట్టి, మూతలు బిగించి, దాన్నిండా గాలి కొట్టించి డిక్కీలో పడేశారు. అంత తెలివి ఆయనగారిది. ఆ గొట్టంలో గాలినే టైర్లలో గాలి అనుకుని లైటు ఆరిపోయింది.

“చూశావా? ఇక దీని నోరు లేవదు,” అని భార్యను పిలిచి మరీ చూపించారు.

ఆమె ఆ గొట్టం వంక చాలాసేపు చూసింది. ఆ రోజు నుంచి ఆమె కూడా ఏ విషయంలోనూ నోరెత్తలేదు. రెండు పీడలూ ఒక్క దెబ్బకు వదిలాయని ఆయనగారు మురిసిపోయారు.

ఈ ఉదయం ఊరి బయట కారు ఒక పక్కకు ఒరిగి ఆగిపోయింది. వెనక టైరు పీలికలైంది. స్టీరింగు ముందున్న తెర మాత్రం నాలుగు టైర్లూ భేషుగ్గా ఉన్నాయంటోంది.

“పనికిమాలిన కారు!” అని చక్రాన్ని ఒక్క తన్ను తన్ని, భార్యకు ఫోన్ చేశారు.

“నాకు ఆలస్యమవుతుంది. ఇంట్లో అంతా బాగానే ఉందిగా?”

“బాగానే ఉందండీ,” అంది భార్య.

ఆమె గొంతు వెనకాల, రైలు బయల్దేరబోతోందని ఎవరో మైకులో చెబుతున్నారు.