గేరు పడని బండి

ఘాట్ రోడ్డు మధ్యలో బండి ఆగిపోయింది. "గేర్‌బాక్సు లోపం. మరమ్మతు రేపు," అంది తీయగా. బళ్లన్నీ తమంతట తామే నడుస్తూ, తమ జబ్బు తామే చెప్పుకునే రోజులవి. పాము కరిచిన భర్త సన్నాసిరావుని నూకరత్నం ఆస్పత్రికి తీసుకెళ్తోంది; వెనకసీట్లో అతను రొప్పుతున్నాడు.

నూకరత్నం ఒకప్పుడు గేర్‌బాక్సుల మెకానిక్కు. దిగి, వంగి చూసింది. ఆయిలంతా కారిపోయి మాడు వాసన కొడుతోంది. ఇక గేరు పడదు.

"నన్నొగ్గీయే రత్నం," అన్నాడతను.

"నోర్ముయ్యి మావా. పల్లమే కదా, దొర్లించుకుపోతాను."

కంపెనీ సీలు పగలగొట్టి, చక్రాల్ని బిగించి పట్టిన కొక్కేన్ని స్క్రూడ్రైవరుతో ఎత్తింది. మడిచిపెట్టి ఉన్న స్టీరింగు బయటికి లాగి, బ్రేకు మీదే ప్రాణం పెట్టుకుని మలుపులన్నీ దిగింది. ఆస్పత్రి గేటు కనబడుతుండగా, చదునులో బండి నిలిచిపోయింది.

వెనకాల బళ్లు వరసగా ఆగాయి. ఆమె పరుగెత్తి వాటి అద్దాలు బాదింది.

"దిగండి బాబూ, తొయ్యండి!"

లోపలివాళ్లు బిత్తరపోయారు. బండిని తోయడం వాళ్లెవరూ ఎరగరు. చివరికి ఒకావిడ దిగి, "చేతులెక్కడ పెట్టాలమ్మా?" అంది. నూకరత్నం ఆమె చేతులు పట్టుకుని డిక్కీకి ఆనించింది. అది చూసి ఒక్కొక్కరే దిగారు. నూకరత్నం వెళ్లి స్టీరింగు పట్టుకుంది. బండి కదిలింది.

గేటు దాటాక, వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేక, "మావా?" అని పిలిచింది.

"ఊఁ," అన్నాడతను.