అలాంటిదే ఇంకో సంచి

“అలాంటిది కాదు బాబూ, అచ్చం ఇలాంటిదే కావాలి,” అంటూ కళ్లజోళ్ల కొట్టాయన తన ఫోను మళ్లీ బల్ల మీద పెట్టాడు.

సైకిళ్ల దుకాణంలో సేల్స్‌మన్ అప్పటికే అల్మరా ఖాళీ చేసి బల్ల నిండా సంచులు పరిచాడు. సీటు వెనక వేలాడేవి, వెనక చక్రానికి అటూ ఇటూ దిగేవి, వాన నీళ్లు చొరబడనివి. ఆయన వాటిలో ఒక్కదాన్నీ చేత్తో ముట్టుకోలేదు.

“ఫోటోలోది ఉత్త ముతక గుడ్డ అంకుల్. ఇవి దానికి నాలుగింతలు నయం. ఇంతకీ పాతదేమైంది, పోయిందా?”

“మా అబ్బాయి సైకిలుకి ఉండేది. ఊళ్లు చూసొస్తానని వెళ్లాడు.”

“అయితే వచ్చాక ఆయన్నే రమ్మనండి. సైకిలు చూస్తే సరిపోయేది నేనే బిగిస్తాను.”

ఆయన ఫోను సేల్స్‌మన్ వైపు ఇంకాస్త జరిపాడు. “ఇలాంటివి మీరు చాలా అమ్మే ఉంటారు కదా?” అని ఆశగా అడిగాడు.

“ఒక్కటీ అమ్మలేదు అంకుల్. ఇది కంపెనీ సరుకు కాదు.”

ఊళ్లో సగం మందికి చూపు సరిచేసిన మనిషి ఆయన. కంటికి ఆనని మరమేకును కూడా కళ్లజోడులో ఇట్టే బిగించేస్తాడు. అంతటివాడు కన్నకొడుకు సైకిలుకి వేలాడే సంచిని ఏనాడైనా పరీక్షగా చూశాడా అంటే, లేదు. ఖాకీరంగు గుడ్డ, సీటు వెనక ఉండేది, అంతవరకే తెలుసు. దీపం కింద చీకటి అంటే ఇదే మరి. పొద్దుటి నుంచి తనను తాను ఎంత తిట్టుకున్నా ఆ సంచి మాత్రం ఇంతకన్నా గుర్తుకు రావడం లేదు.

రోడ్డు మీదికి రాగానే భార్య ఫోను చేసింది.

“దొరికిందా?”

“ఇంకా లేదు.”

“దొరుకుతుందండీ. అలాంటివి లోకంలో వందలుంటాయి. మీరు సరిగ్గా వెతకాలి గానీ.”

“వెతుకుతూనే ఉన్నా. నువ్వు ముందు రెండు ముద్దలు తిను.”

“దొరికిందని చెప్పండి, అప్పుడు తింటాను,” అని పెట్టేసింది.

ఉత్త చేతులతో ఇంటి గుమ్మం ఎక్కే ధైర్యం ఆయనకు లేదు. మలుపులో ఉన్న రిపేరు షాపుకి నడిచాడు.

పంక్చర్ల మేస్త్రీ నూనె చేతులు తుడుచుకుని, ఫోటోను వేళ్లతో పెద్దది చేశాడు. “తడిసి ముద్దయిందే! బట్టల్లో కలిపి నానబెట్టేశారా ఏంటి మాస్టారూ?” అని పకపకా నవ్వాడు. తన మాటకు తనే నవ్వుకునే రకం. ఎదుటి మనిషి నవ్వలేదని గమనించి కొంచెం తగ్గాడు.

“సరే, ఇటు చూడండి. సంచి చక్రానికి రాసుకోకుండా సీటు కింద ఇలాంటి కమ్మీ బిగిస్తాం.” మేకుకు వేలాడుతున్న వంపు కమ్మీని తీసి చూపించాడు. “ఇది దూరే పట్టీకి నోరు కిందికి ఉండాలి. మీ సంచికి పైకి ఉంది. పట్టీ తలకిందులుగా కుట్టేశారు.”

“అలా చాలామంది కుడతారా?”

“మతి ఉన్నవాళ్లెవరూ కుట్టరు. కుట్టు చూస్తే సంచులు కుట్టే ఆవిడ, మన సంచులమ్మ చేసిందిలా ఉంది. వెనక సందులోనే, వెళ్లి అడగండి.”

ఆయన కదలబోయి ఆగాడు. “ఆ కమ్మీ కూడా ఇవ్వండి. మావాడు వచ్చాక పనికొస్తుంది.”

సంచులమ్మ కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. ఆమె కళ్లజోడు ఒక కాడ ఊడిపోతే దారంతో కట్టుకుంది. మరో రోజైతే ఆయన చెయ్యి దానంతటదే జేబులో స్క్రూడ్రైవరు కోసం వెతికేది. ఇవాళ ఆయనకు అది కనిపించనే లేదు.

“ఓ, ఇది నేను కుట్టిందే!” ఫోటో చూడగానే ఆమె ముఖం విప్పారింది. “ఆ అబ్బాయి మీవాడా? అత్తా అత్తా అంటూ ఇక్కడే కూర్చుని కుట్టించుకున్నాడయ్యా. వాడి కబుర్లలో పడి పట్టీ తిరగేసి కుట్టాను. విప్పుతానంటే ఒప్పుకుంటేనా! ‘ఉండనీ అత్తా, ఎక్కడ పోయినా నాదని గుర్తుపట్టొచ్చు’ అన్నాడు.”

ఆయన పక్కనున్న పీట మీద కూలబడ్డాడు.

“ఇలాగే ఇంకెవరికైనా కుట్టారేమో, కాస్త గుర్తు తెచ్చుకోండమ్మా. మీకు దండం పెడతాను.”

“భలేవారే! చేసిన తప్పే మళ్లీ చేస్తానా? ఆ ఒక్కటే.”

“పోనీ, మిమ్మల్ని చూసి ఇంకెవరైనా...”

“తప్పును చూసి ఎవరు నేర్చుకుంటారయ్యా? అంత ముచ్చటగా ఉంటే కూర్చోండి, ఇప్పుడే అలాగే తిరగేసి కుట్టి ఇస్తాను.”

“ఇప్పుడు కుట్టింది నాకు పనికిరాదమ్మా.”

పొద్దుటి నుంచి ఎవరు లేదన్నా, ఇంకో కొట్టు ఉందిలే అనుకుంటూ వచ్చాడు. ఇక తిరగడానికి కొట్టు లేదు. సంచులమ్మ కంగారుపడి మంచినీళ్లు అందించింది గానీ, ఆయన కమ్మీని వదిలి గ్లాసు అందుకోలేదు.

ఫోను మోగింది.

“ఏమండీ, దొరికిందా?”

దొరికిందని అబద్ధం ఆడాలనిపించింది. ఈ పూటకైనా ఆమె అన్నం ముందు కూర్చుంటుంది. కానీ నోరు రాలేదు.

“అలాంటిది ఇంకొకటి లేదటే. ఎక్కడా లేదట.”

“అంటే?”

“పోలీసులకు ఏట్లో ఆ సంచితో దొరికింది మన అబ్బాయే.”