శిఖరం అనుకున్న చోటు

"ముందు కాలు పెట్టింది నేను. కాబట్టి ఈ శిఖరానికి నా పేరే," అన్నాడు బావ, మంచులో కూలబడి రొప్పుతూ.

"ఆ కాలిని తాడేసి లాగింది నేను బావా," అన్నాడు బావమరిది.

ఎవరూ ఎక్కని ఆ మారుమూల శిఖరానికి పటంలో పేరు లేదు. మొదట ఎక్కినవాళ్లు పెట్టిన పేరే ఖాయమన్నారు అధికారులు. బావ బడిలో భూగోళం చెప్పే మాస్టారు. పిల్లలు తన పేరు బట్టీపట్టి పరీక్షలో రాస్తారన్న ఆశే ఆయన్ని ఇంత ఎత్తుకు తోసుకొచ్చింది. మోకాళ్లు మాత్రం సగం దారిలోనే రాజీనామా చేశాయి.

ఇంతలో మబ్బు విడిపోయింది. మరో గంట ఎక్కితే గానీ అందనంత పైన, అసలు శిఖరం కనిపించింది. వీళ్లు కూర్చున్నది దాని భుజం మీద.

"ఈ భుజానికి నీ పేరే పెట్టుకో బావా, నేను అడ్డురాను," అన్నాడు బావమరిది ఉదారంగా.

బావకు నవ్వాగలేదు. ఇన్నేళ్లు పటాలు చూపించి పాఠం చెప్పిన పెద్దమనిషికి శిఖరమేదో భుజమేదో తెలియలేదు! లేవబోయాడు. కాళ్లు కదలలేదు.

"నువ్వెళ్లిరారా. నీ పేరే పెట్టుకో. నేనిక్కడ కూర్చుంటా."

బావమరిది శిఖరం వైపు ఒకసారి ఆశగా చూశాడు. తర్వాత తాడు తీసి బావ నడుముకు బిగించాడు, కిందికి దింపడానికి.

"ఒరేయ్, రెండు గంటల్లో వచ్చేస్తావుగా!"

"ఈ చలిలో రెండు గంటలు నిన్ను వదిలేస్తే, రేపు అక్కకి ఏం చెప్పను?"

కింద గుడారంలో పేరు నమోదు చేసుకోవడానికి కూర్చున్న అధికారి అడిగాడు: "ఎక్కారా?"

"వాతావరణం అడ్డొచ్చిందండీ," అన్నాడు బావమరిది.

"వాతావరణం కాదండీ," అన్నాడు బావ. "నేనే."