ముంచి చూడు నాయనా

"ఇందులో విషముంది నాయనా. ముంచి చూడు."

సీసా పెద్దమ్మ మళ్ళీ వచ్చింది. కెమిస్టుకు తలప్రాణం తోకకొచ్చింది.

ఆదివారం పొద్దున. విషపు చెత్త తీసుకునే కేంద్రం ముందు వరస గేటు దాటి రోడ్డెక్కింది. ఒకరి చేతిలో అడుగంటిన రంగు డబ్బా. ఇంకొకరి చేతిలో పగిలిన ట్యూబులైట్లు. ఓ పెద్దాయనైతే పురుగుల మందు డబ్బాను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని నిలబడ్డాడు.

పేరు రాసి లేని సీసా ఏది వచ్చినా కెమిస్టు పరీక్ష చెయ్యాలి. రంగు కాగితం ముంచాలి, మీటరు పెట్టాలి, చీటీ రాసి సంతకం చెయ్యాలి. విషమైతే నీలం డ్రమ్ములోకి. కాకపోతే సింకులోకి. సింకు గొట్టం కాలువలో కలుస్తుంది, కాలువ ఏట్లో కలుస్తుంది, ఏటి నీళ్ళు పంపుహౌసు మీదుగా ఊరందరి కుళాయిల్లోకీ వస్తాయి. కెమిస్టు ఇంటి కుళాయిలోకి కూడా. అతనికి నాలుగేళ్ళ కూతురుంది. అందుకే ఒళ్ళు దగ్గర పెట్టుకుని పనిచేస్తాడు.

పెద్దమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఓ సీసాడు మంచినీళ్ళు మోసుకొస్తుంది. పది నెలలుగా ఇదే తంతు. అతను ముంచుతాడు. కాగితం రంగు మారదు.

"శుభ్రంగా ఉన్నాయి పెద్దమ్మా. హాయిగా తాగొచ్చు."

"రాసివ్వు. సంతకం పెట్టు."

రాసిస్తాడు. ఆవిడ చీటీని కళ్ళకు దగ్గరగా పెట్టుకుని రెండుసార్లు చదువుకుంటుంది. మడిచి సంచీలో దాచుకుని వెళ్ళిపోతుంది.

వరసలో వాళ్ళకు నవ్వులాట. ఎద్దు పుండు కాకికి నొప్పా! "ఈసారి మా బావి కూడా ఎత్తుకురా పెద్దమ్మా" అంటాడొకడు. "ఆ చాదస్తానికి ఓ దండం పెట్టి పంపించెయ్యవయ్యా" అంటాడు మేనేజరు.

మొదట్లో ఓసారి కెమిస్టే అడిగాడు. "మంచినీళ్ళలో విషముందని మీకెందుకు అనిపిస్తోంది పెద్దమ్మా?"

ఆవిడ సీసా మూత ఇంకాస్త బిగించింది.

"ఆరేళ్ళ కిందట పిల్ల పోయింది నాయనా. ఐదేళ్ళది. కుళాయి నీళ్ళు తాగి పోయింది. ఇప్పటికీ పొద్దున్నే నేను కుళాయి తిప్పేసరికి పక్కనే నిలబడి ఉంటుంది. గ్లాసు చాపుతుంది. పొయ్యనా, వద్దా? నువ్వే చెప్పు."

ఆ సంగతి ఊరంతా ఎరిగిందే. ఎవరో పేరులేని క్యాన్లలో తెచ్చిన ఫ్యాక్టరీ విషం ఈ కేంద్రం సింకులోంచే ఏట్లో కలిసింది. ఆ తర్వాత ఇక్కడి పాతవాళ్ళందర్నీ పంపించేసి కొత్తవాళ్ళను వేశారు. అతనూ అలా వచ్చినవాడే. పాపం, మనవరాలు పోయిన మనిషి, ఆవిడతో ఏం వాదిస్తాం అనుకున్నాడు.

అప్పట్నుంచి ఆ పిల్ల అతన్నీ పట్టుకుంది. ఇంట్లో కూతురు గ్లాసు చాపి "నాన్నా, నీళ్ళు" అంటే చెయ్యి కుళాయి దగ్గర ఓ క్షణం ఆగేది. అందుకే చాన్నాళ్ళు విసుక్కోకుండా ముంచాడు. కానీ జాలికైనా ఓ హద్దుంటుంది కదా!

ఈ ఆదివారం వరస మరీ పెద్దది. వెనక మేనేజరు గొణుగుడు. కెమిస్టు సీసా ఎత్తి వెలుతుర్లో చూశాడు. తేటగా ఉన్నాయి. కాగితం తియ్యబోయి ఆగాడు. నలభైసార్లు చూసిన నీళ్ళే, ఇంకా చూసేదేముంది? చీటీ మీద 'శుభ్రం' అని రాసి సంతకం గిలికాడు.

"ముంచలేదు నాయనా."

"ముంచాను పెద్దమ్మా. మీరు చూళ్ళేదంతే."

అంత అబద్ధం నోట్లోంచి ఎలా ఊడిపడిందో అతనికే తెలియలేదు. సీసా మూత తీసి సింకు మీద వంచబోయాడు.

పెద్దమ్మ చటుక్కున చెయ్యి పట్టుకుంది. ఆ ముసలి చేతికి అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో! సీసా లాక్కుని బల్ల మీద పెట్టింది. అతని డబ్బాలోంచే ఓ కాగితం తీసి ముంచింది. ఎంత లోతు ముంచాలో, ఎంతసేపు ఆగాలో ఆవిడకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

కాగితం ఎర్రబడింది.

వరసలో నవ్వులు టక్కున ఆగిపోయాయి. కెమిస్టు బల్ల పట్టుకుని నిలదొక్కుకున్నాడు.

"పాత బ్యాటరీలోవి" అంది పెద్దమ్మ. మూత బిగించి, సీసాను తనే తీసుకెళ్ళి నీలం డ్రమ్ములో పెట్టింది. "పోయిన వారం ముంచావు గానీ కాగితం వంక చూడలేదు. అప్పుడే నాకు గుండె గుభేలుమంది. అందుకే ఇవాళ ఇవి తెచ్చాను."

"మీ మనవరాలు పోతే నేనేం చేశాను పెద్దమ్మా? నా మీద ఎందుకీ కక్ష?" అతనికి ఏడుపొక్కటే తక్కువ.

పెద్దమ్మ అతను రాసిన చీటీ తీసుకుంది. ఈసారి మడవలేదు.

"ఆ పిల్ల నా మనవరాలు కాదు నాయనా, ఆరేళ్ళ కిందట ఇదే బల్ల దగ్గర నేను ముంచకుండా 'శుభ్రం' అని రాసి వదిలేసిన నీళ్ళు తాగిన పిల్ల."