పోయినాయన పూచీ

ఏ వీధికి ఎంత నీరో యంత్రమే తేలుస్తుంది. ఎవరో ఒకరు పేరు చెప్పి పూచీ పడితేనే దాని ఉత్తర్వు అమలవుతుంది. ఆ నీళ్ల ఆఫీసులో ఏడేళ్లుగా అందరూ చెప్పేది పాత ఉద్యోగి అప్పలస్వామి పేరే. ఆయన చనిపోయినా పూచీదారుల జాబితాలోంచి పేరు తీయలేదు. ఊరి దప్పికంతా ఆయన నెత్తినే.

ఆ ఉదయం కొండవీధికి మూడు రోజులు నీళ్లు ఆపమని ఉత్తర్వు వచ్చింది. కొత్తగా చేరిన పైడితల్లి ఎవరి పేరూ చెప్పలేదు.

"అప్పలస్వామి పేరు సెప్పెయ్యమ్మా. పోయినోణ్ని ఎవుడడుగుతాడు?" అన్నాడు సూపర్‌వైజరు గవరయ్య.

"అందుకే సెప్పను బాబూ."

జాబితాలో అప్పలస్వామి పేరు కొట్టేసి, యంత్రంతో అంది: "నా పేరు పైడితల్లి. ఈ ఉత్తర్వు ఒప్పుకోను. కొండవీధి సూసొచ్చి మాటాడతాను."

"అప్పటిదాకా?" అడిగింది యంత్రం.

పైడితల్లి చెప్పులు తొడుక్కుంది.

"నీళ్లొదులు. ఆ పూచీ కూడా నాదే."