మెడ మీది బిళ్ళ

రొయ్యల ఫ్యాక్టరీలో ఆడవాళ్ళందరి మెడ వెనకా ఒక బిళ్ళ ఉంటుంది. అది మెదడుకు బదులుగా తానే చేతుల్ని ఆడిస్తుంది. అసహ్యాన్ని కూడా నిద్రపుచ్చుతుంది. నూకరత్నం ఆరేళ్ళుగా అలాగే రొయ్యలు ఒలుస్తోంది.

ఆ ఉదయం బల్ల మీద పోసిన సరుకు నల్లబడి, జిగురుగా సాగుతోంది. రొయ్యల తలల్లో తెల్లటి పురుగులు మెదులుతున్నాయి. ఆమె చేతులు మాత్రం ఆగలేదు.

"పురుగులున్నాయండీ," అంది సూపర్‌వైజర్ సుందర్రావుతో.

"నువ్వెందుకు చూడ్డం? చేతులు వాటి పని అవి చేసుకుంటాయి కదా! మసాలా పట్టించి హాస్టళ్ళకి పంపేస్తాం."

నూకరత్నం కూతురు ఉండేది హాస్టల్లోనే. పిల్ల కంచం కళ్ళముందు కనిపించినా ఆమెకు కడుపులో తిప్పలేదు. దాంతో భయమేసింది. చేతులు తన మాట వినవు కనుక, మెడను వెనకే ఉన్న గోడకేసి గట్టిగా రాసింది. బిళ్ళ ఊడిపడింది.

కంపు ఒక్కసారిగా ముక్కుకి కొట్టింది. వేళ్ళ మధ్య పురుగులు కదలడం తెలిసింది. నూకరత్నం భళ్ళున బల్ల మీదే కక్కుకుంది.

"ఛీ! సరుకంతా పాడు చేశావు కదే!" అని అరిచాడు సుందర్రావు.

"ఇప్పుడా అండీ పాడైంది?" అంటూ నూకరత్నం తన పక్కనున్న వీరమణి మెడ మీంచి బిళ్ళ లాగేసింది. వీరమణి కక్కుకుంటూనే ఇంకొకామె బిళ్ళ పీకింది. కాసేపటికి ఆ సరుకు ముట్టుకునేవాళ్ళే లేకపోయారు. సుందర్రావు దాన్ని గోతిలో పోయించక తప్పలేదు.

నూకరత్నం ఉద్యోగం పోయింది. ఇంటికెళ్ళి నాలుగుసార్లు సబ్బుతో కడిగినా చేతులు కంపు కొడుతూనే ఉన్నాయి. అన్నం ముద్ద నోటిదాకా తెచ్చి, మళ్ళీ కంచంలో పెట్టేసింది.